ఈదమ్మ తవ్విన చెలమ

తుమ్మలవాగు అడవిలో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, కొండముచ్చులు ఉండేవి. వాటన్నిటికీ పెద్ద, గండప్ప అనే అడవిదున్న. ఏ సంగతి వచ్చినా మద్దిచెట్టు కింద సభ జరిగేది. చివరి మాట మాత్రం గండప్పదే.

ఒక ఎండాకాలం కొండ అవతలి అడవి తగలబడిపోయింది. అక్కడినుంచి ఏడు ముళ్లపందులు కొండ దాటి వచ్చాయి. వాటి ముళ్లు సగం కాలిపోయాయి. అరికాళ్లు బొబ్బలెక్కాయి. వాటిలో పెద్దది ఈదమ్మ.

"అయ్యా, మా అడవి బూడిదైపోయింది. మాకింత చోటివ్వండి. కష్టపడి బతుకుతాం," అని అడిగింది ఈదమ్మ.

"ఉండండి. మా అడవిది జాలిగుండె," అంది గండప్ప గొప్పగా.

ముళ్లపందులు కన్నీళ్లు పెట్టుకుని దండం పెట్టాయి. షరతులు ఆ తర్వాత తెలిశాయి. బండరాళ్ల వాలు మీదే ఉండాలి. సభకు రావచ్చు గాని నోరు విప్పకూడదు. అందరూ తాగాకే నీళ్లు తాగాలి.

"ఇలా ఎన్నాళ్లయ్యా?" అని అడిగింది ఈదమ్మ.

"చూద్దాం," అంది గండప్ప.

ఆ ఏడాది వాగు ఎండిపోయింది. అడవి జంతువులు వట్టి ఇసుకను చూస్తూ నిలబడ్డాయి. ముళ్లపందులు మాత్రం వాగు మధ్యలో లోతుగా చెలమ తవ్వాయి. అడుగున చల్లని నీళ్లు ఊరాయి. జారిపడే ఇసుకను అవి రోజూ ఎత్తిపోసేవి. గట్లు కూలకుండా రాళ్లు పేర్చేవి. ఆ నీళ్లతో అడవంతా బతికింది. సాయంత్రానికి ముళ్లపందుల వంతు వచ్చేసరికి చెలమలో బురద మిగిలేది.

మూడేళ్లు గడిచాయి. ఈదమ్మకు మువ్వ అనే కూతురు పుట్టింది. మువ్వ పుట్టింది ఆ అడవిలోనే. అయినా అందరూ దాన్ని "వచ్చినవాళ్ల పిల్ల" అనే పిలిచేవారు.

ఆ ఎండాకాలం ఎండలు మరీ మండాయి. మువ్వకు జ్వరం వచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయింది. ఈదమ్మ మిట్టమధ్యాహ్నం చెలమ దగ్గరకు పరుగెత్తింది. అక్కడ కరకయ్య అనే అడవిపంది కాపలా ఉంది.

"అన్నా, ఒక్క గుక్క. నాకు కాదు, నా బిడ్డకు!"

"నీ వంతు సాయంత్రం. ఇప్పుడు నీకిస్తే రేపు అందరూ వస్తారు," అంది కరకయ్య.

ఇదంతా పొన్నమ్మ అనే దుప్పి చూసింది. అది నేరుగా గండప్ప దగ్గరకు వెళ్లింది.

"మామా, ఆ చెలమ తవ్వింది ఈదమ్మ. దాని బిడ్డకే నీళ్లు లేవంటే ఎలా?"

"ఉండటానికి చోటిచ్చాం. ఇంకేం కావాలట?" అంది గండప్ప. చుట్టూ ఉన్నవి నవ్వాయి.

పొన్నమ్మ ఇక అడగలేదు. తన వంతు నీళ్లను మోదుగాకు దొప్పలో పట్టుకుని రాళ్ల వాలు ఎక్కింది. అది వెళ్లేసరికి మువ్వ ఊపిరి ఆగిపోయింది. ఈదమ్మ బిడ్డ పక్కన గొయ్యి తవ్వుతోంది.

"అక్కా..." అంది పొన్నమ్మ. దొప్పను బిడ్డ పక్కన పెట్టింది.

"ఇన్నాళ్లూ ఈ అడవి కోసం తవ్వాను పొన్నమ్మా. నా కోసం తవ్వుకున్నది ఈ ఒక్క గొయ్యే," అంది ఈదమ్మ.

మరునాడు తెల్లవారగానే ముళ్లపందులన్నీ తూర్పుదిక్కుకు వెళ్లిపోయాయి. పొన్నమ్మ కూడా వాటి వెంట నడిచింది.

"పోనీ, పీడ విరగడైంది," అంది గండప్ప.

నాలుగు రోజుల్లో చెలమ గట్లు కూలాయి. అడవిపందులు ముట్టెలతో కుమ్మాయి. గండప్ప కాలిగిట్టలతో తవ్వబోయింది. తవ్విన కొద్దీ ఇసుక జారి గుంట పూడిపోయింది. చివరకు జంతువులన్నీ అడవి వదిలి తూర్పుదిక్కుకే బయలుదేరాయి. దారిలో రెండు ముసలి దుప్పులు పడిపోయాయి. గండప్ప దూడ కూడా పడిపోయింది. అది మళ్లీ లేవలేదు.

తూర్పున ఇప్పలకోన ఉంది. అక్కడ భీమక్క అనే ఎలుగుబంటి పెద్ద. ఆ కోనలో ఎవరు వచ్చినా వచ్చిన రోజునుంచే నీళ్లలో సమాన వాటా, సభలో మాట ఉండేవి. ముళ్లపందులు అక్కడ మూడు చెలమలు తవ్వాయి. పొన్నమ్మ వాటితో కలిసి హాయిగా ఉంది. కోన పచ్చగా ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లను చూసి భీమక్క సభ పిలిచింది. గండప్ప తల దించుకుని నిలబడింది.

"వీళ్లను ఉంచుకుందామా? ఎవరైనా మాట్లాడొచ్చు," అంది భీమక్క.

ఈదమ్మ లేచింది.

"గండప్పను చూస్తే నా కడుపు మండుతుంది. నా బిడ్డ గుర్తొస్తుంది. నేను దీన్ని క్షమించలేదు, క్షమించను కూడా. కానీ దాహం వేసినవాడికి నీళ్లివ్వడానికి నా ఇష్టంతో పనిలేదు. అందరితో పాటే ఇవ్వండి. చివర్లో కాదు," అంది.

గండప్ప చెలమలోకి మూతి వంచింది. నీళ్లు తేటగా ఉన్నాయి. చచ్చిపోయిన తన దూడ కళ్లముందు మెదిలింది.

గండప్ప తాగకుండానే తల ఎత్తి ఈదమ్మ కోసం చూసింది. ఈదమ్మ అప్పటికే ఇసుక ఎత్తిపోయడానికి వెళ్లిపోయింది.

నీతి: దిక్కులేక వచ్చినవారికి నిలబడే చోటిస్తే సరిపోదు, నీటిలో, కష్టఫలంలో, మాటలో సమాన వాటా ఇవ్వాలి. అది మనం చూపే దయ కాదు, వారి హక్కు.