రెండు ఒడ్ల వీడ్కోలు

పూర్వం త్రేతాయుగం ఇంకా ముగియకముందు, వింధ్యకు దక్షిణాన, కుండలో పాలు పొంగినట్లు తెల్లని నురుగుతో పారే శ్వేతఫేన అనే మహానది ఉండేది. ఆ పుణ్యవాహినికి ఉత్తరపుటొడ్డున తుంగధార దేశాన్ని ఆజానుబాహువు, శత్రుగజకేసరి అయిన ఉద్ధతసేన మహారాజూ, దక్షిణపుటొడ్డున మృణాళదేశాన్ని భర్తను పోగొట్టుకున్న సాధ్వీమణి, ప్రజావత్సల క్షేమంకరీదేవీ ఏలుతుండగా, నది నడుమ రెల్లు మొలిచిన లంకలో, ఏ రాజుకూ చెందని ఆ ఇసుకమేట మీద, తపోనిధి అయిన వైతస మహర్షి కొంగలతో పొత్తు కుదుర్చుకుని తపస్సు చేసుకునేవాడు.

రెండు ఒడ్లకూ రాజులు వేరైనా మాట ఒకటే, మర్యాద ఒకటే. బయలుదేరేవాణ్ణి ఎవరూ "వెళ్ళు" అనరు, "వెళ్ళి రా" అంటారు. ఒట్టి "వెళ్ళు" అన్నది పాడె మీది మనిషికి చెప్పే మాట. పడవెక్కిన వాడితో ఎవరైనా నోరు జారి ఆ మాట అంటే, శ్వేతఫేన వాణ్ణి ఏ ఒడ్డుకూ చేర్చదు. ఇది ముసలమ్మలు పుట్టించిన నమ్మకం కాదు, నదీమాత స్వయంగా పెట్టిన కట్టడి. అందుకే అల్లుడి మీద ఎంత కోపమున్నా సరే, మామ పళ్ళు కొరుక్కుంటూనైనా "వెళ్ళి రండి" అనే అనేవాడు.

అలా ఉండగా, క్షేమంకరీదేవి మరిది కేతుమానుడు రాజ్యకాంక్షతో అడవిమూకలను కూడగట్టి, ధాన్యపు గాదెలు తగలబెట్టి, కోట మీదికి రాగా, ఆ తల్లి చేసేది లేక పొరుగు రాజుకు కబురంపింది. ఉద్ధతసేనుడు పన్నెండు వేల సేనతో నది దాటి, నలభై రోజుల్లో కేతుమానుణ్ణి తరిమికొట్టి, గాదెలకు తలుపులు పెట్టించాడు. అది నిజమైన ఉపకారమే. కాదన్న నాలుక కుళ్ళిపోతుంది. దేవతలు సైతం పూలబుట్టలు పట్టుకుని ఆకాశంలోకి వచ్చి, సగం పూలు చల్లారు కూడా.

మిగతా సగం చల్లబోయేంతలో వీడ్కోలు సమయం వచ్చింది. క్షేమంకరీదేవి తాంబూలమిచ్చి, చేతులు జోడించి, కళ్ళు చెమర్చగా, అందరూ అనే మాటే అన్నది.

"అన్నగారూ, వెళ్ళి రండి."

ప్రతి మాటలోనూ సందు వెతికే సూక్ష్మదర్శి అనే మంత్రి ఉద్ధతసేనుడి పక్కనే ఉన్నాడు. పడవలు నడిమి లంకను చేరగానే అతడు ప్రభువు చెవి దగ్గరికి వంగి, "మహారాజా, లంక ఎవరిదీ కాదు. కనుక మనం మృణాళదేశం నుంచి వెళ్ళినట్లే. రాణీగారు వెళ్ళమని మాత్రమే అనలేదు, రమ్మని కూడా అన్నారు. రాజపత్ని రమ్మన్నాక రాకపోతే ఆమెను అవమానించినట్లు కాదా?" అన్నాడు. తన అవసరం లేని ఊరికి తిరిగి పోవడం ఏ వీరుడికైనా వెలితిగానే ఉంటుంది. ఉద్ధతసేనుడు మీసం సవరించుకుని, పడవలను వెనక్కి తిప్పించాడు.

అది మొదలు ఏటా చైత్ర పూర్ణిమ ఉదయం ఒక తంతు జరిగేది. సేన రేవులో బారులు తీరేది. రాజు రాణిని "అమ్మా, మమ్మల్ని వెళ్ళమంటారా?" అని వినయంగా అడిగేవాడు. ఒట్టి మాట అంటే పన్నెండు వేలమంది నీటిపాలవుతారు. నిండుమాట అంటే పన్నెండు వేలమంది తిరిగొస్తారు. చివరికి "వెళ్ళి రండి" అనేది. సేన లంక దాకా పోయి, ఇసుక తొక్కి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేది.

ఇలా పదకొండేళ్ళు. మృణాళనగర కోటవాకిట్లో కంచుభేరి ఒకటుండేది. తెల్లవారుజామున అది మోగితేనే అక్కడి పిల్లలు కళ్ళు తెరిచేవారు, ఆవులు చేపేవి. ఇప్పుడు తుంగధార వారి కొమ్ముబూర మోగుతోంది. బూరకు శ్రుతి తప్పలేదు, వేళా తప్పలేదు, అయినా అది తమది కాదు. క్షేమంకరీదేవి రోజూ ఆ బూరకు ముందే మేల్కొని, చర్మం వదులైపోయిన భేరి మీద అరచేయి ఆనించి, పెళ్ళైన కొత్తలో భర్త పక్కన విన్న ఆ మోత లోపల ఎక్కడైనా మిగిలి ఉందేమోనని చెవి ఒగ్గి, ఏమీ వినపడక, చీరచెంగుతో దాని మీది దుమ్ము తుడిచి లేచేది.

రేవులో మజ్జిగ అమ్ముకునే సారంగి అనే ముదుసలి మాత్రం నోరు కట్టుకునేది కాదు. తుంగధార భటులకు మజ్జిగ పోస్తూనే, "తాగండి నాయనా, తాగండి. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకున్నారు. దయ్యమైతే వేపమండలతో దిగుద్ది, మీకు ఏ మండలు తేవాలో తెలవకుండా ఉంది" అనేది. భటులు నవ్వేవారు. వాళ్ళ నవ్వులో ఉప్పు ఉండేది కాదు.

నది దగ్గరి గుట్ట మీద ఛప్పన్న దేశాల రాయబారులు గుడారాలు వేసుకుని ఏటా ఆ తంతు చూసేవారు. ఒకడు "అబలను ఆదుకున్న ధర్మమూర్తి" అని తన రాజుకు లేఖ రాశాడు. అతడి దేశానికి గుర్రాలు తుంగధార నుంచే వెళ్తాయి. రెండోవాడు "దురాక్రమణ" అని రాశాడు. అతడి రాజుకూ ఉద్ధతసేనుడికీ పాత పగ ఉంది. మూడోవాడు ఇద్దరిదీ న్యాయమేనని రాసి, ఇద్దరి ఇళ్ళలోనూ భోజనం చేశాడు. రాణి మొహంలోకి మాత్రం ఒక్కడూ చూడలేదు. ఆమె నోట వచ్చిన మాట విని, "తానే రమ్మంది, మేమే సాక్షులం" అని చేతులు కడుక్కున్నారు. ఒడ్డున నిలబడ్డవాడికి లోతేం తెలుస్తుంది!

పైన సుధర్మ సభలోనూ ఇదే తగవు. "పిలిస్తేనే వెళ్ళాడు" అన్నాడు అగ్నిదేవుడు. "పిలిచింది ఒక్కసారే కదా" అన్నాడు వాయుదేవుడు. మిగిలిపోయిన పూలను చల్లాలో మానాలో తేలక, బుట్టలు మోసే గంధర్వుల భుజాలు కాయలు కాశాయి. చివరికి శతక్రతువైన దేవేంద్రుడు బ్రాహ్మణ వేషంలో, పదకొండవ చైత్ర పూర్ణిమనాడు లంకలో దిగి, వైతస మహర్షికి నమస్కరించాడు.

"మహాత్మా! ఇది ధర్మమా, అధర్మమా? తమరు సెలవిస్తే వజ్రాయుధం పట్టి ఆ సేనను నేనే తరిమేస్తాను."

మహర్షి గడ్డంలో చిక్కుకున్న రెల్లుపువ్వు తీసి పారేస్తూ మందహాసం చేశాడు. "పురందరా! నువ్వు కూడా సేనతో దిగితే, నిన్ను సాగనంపడానికి ఆ తల్లి ఇంకెవర్ని పిలుచుకోవాలి? పైనుంచి చూస్తే సేన చీమలబారు. చీమకు ఇల్లు గుర్తొస్తుందని పైనుంచి కనపడదు. ఒక్క పూట ఇక్కడ కూర్చుని చూడు."

అంతలో పడవలు వచ్చాయి. భటులు ఇసుక తొక్కారు. వాళ్ళలో నాగిలుడు అనే నాగలిపట్టు కులంవాడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఉత్తరపుటొడ్డు వైపు చూస్తూ బొమ్మలా నిలబడిపోయాడు. మహర్షి దగ్గరికి వెళ్ళి, "ఏం చూస్తున్నావు నాయనా?" అని అడిగాడు.

"పొగ సామీ. అదిగో, ఆ తాటిచెట్ల పక్కన సన్నంగా లేస్తుందే, అది మా ఇంటి పొయ్యిది. నా పెళ్ళాం కుందలత కందికంప పెడుతుంది, దాని పొగ తెల్లగా ఉంటుంది."

"ఇంత దూరాన అది నీ ఇంటి పొగేనని ఎలా తెలుసు?"

నాగిలుడు తల గోక్కున్నాడు. "తెలవదు సామీ. పోయినేడు ఆ పక్క పొగ అనుకున్నాను. ఏదో ఒకటి మాదే అవుద్ది గదా. వచ్చేటప్పుడు 'పోయొస్తా' అన్నాను, కడుపుతో ఉంది. పుట్టింది కొడుకో కూతురో కూడా తెలవదు. పారిపోతే చేతులు నరుకుతారు. చేతుల్లేకుండా పోయి బిడ్డనెట్టా ఎత్తుకోను?" గొంతు తగ్గించి అన్నాడు. "రాణీగారితో ఒక మాట చెప్పండి సామీ. ఈసారి ఒట్టి మాటే అనెయ్యమనండి. మునిగితే మునుగుతాం. ఇంటివైపు మొహం పెట్టి మునుగుతాం."

కొమ్ముబూర మోగింది. నాగిలుడు పొగను కళ్ళతోనే మూటకట్టుకుని పడవెక్కాడు. దేవేంద్రుడు తన వేయికళ్ళలో ఏ కన్ను ముందు తుడుచుకోవాలో తెలియక స్వర్గానికి వెళ్ళిపోయాడు.

వైతస మహర్షి ఆ మాటను మోసుకుని మృణాళనగరానికి వెళ్ళాడు. వింటూనే క్షేమంకరీదేవి భేరి మీద తలవాల్చి, "తపోధనా! పదకొండేళ్ళుగా ఆ ఒట్టి మాట నా నాలుక చివర కూర్చుని ఉంది. ఒక్కసారి అంటే నా దేశం నాకు దక్కుతుంది. కానీ తాటిచెట్ల పక్కన పొగ వెతుక్కునేవాళ్ళను ముంచి, ఆ ఉదయం నేను భేరి కొట్టిస్తే అది మేలుకొలుపు అవుతుందా, శవవాద్యం అవుతుందా? తమరే చెప్పండి" అని వాపోయింది.

అప్పుడు మహర్షి తన లంకకు మరలివచ్చి, మెడలోతు నీళ్ళలో నిలిచి, ఆషాఢం మొదలు మాఘం దాకా ఘోరతపస్సు చేయగా, శ్వేతఫేనామాత నురుగుచీర కట్టుకుని, చేపకన్నులతో ప్రత్యక్షమై, "వరం కోరుకో" అన్నది.

"తల్లీ, నీ కట్టడిని సడలించు."

"సడలించను. సడలిస్తే ఇక వీడ్కోళ్ళలో దయ మిగలదు. నేను ముంచేది ఒట్టి మాటను కాదు మునీ, విరిగిన మాటను. మాట నిండితే చాలు. నిండించిన నోరు ఎవరిదని నేను అడగను."

మహర్షి ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు మనసులో తిప్పుకుని, పెద్దగా నవ్వి, "అమ్మా, అయితే నాకు వేరే వరం కావాలి. ఒక ఒడ్డు గొంతు మరో ఒడ్డుకు వినపడేలా మోసిపెట్టు" అన్నాడు. "తథాస్తు" అని నది అంతర్ధానమైంది. తడిబట్టలైనా పిండుకోకుండా మహర్షి ముందు రాణి దగ్గరికీ, అక్కణ్ణుంచి, ఏనాడూ తొక్కని ఉత్తరపుటొడ్డుకూ వెళ్ళి, తాటిచెట్ల పక్కన కందికంప పొగ ఎక్కడ లేస్తున్నదో వెతుక్కుంటూ ఒక గుమ్మం ముందు నిలబడి, "అమ్మా కుందలతా!" అని పిలిచాడు.

పన్నెండవ చైత్ర పూర్ణిమ వచ్చింది. గుట్ట మీద రాయబారులూ, ఆకాశంలో దేవతలూ యథాప్రకారం నిండారు. ఉద్ధతసేనుడు చిరునవ్వుతో అడిగాడు.

"అమ్మా, మమ్మల్ని వెళ్ళమంటారా?"

క్షేమంకరీదేవి తల ఎత్తి, చేతులు జోడించి, స్పష్టంగా పలికింది.

"అన్నగారూ, వెళ్ళి..."

అక్కడ ఆగింది.

పడవల తాళ్ళు అప్పటికే విప్పేశారు. ప్రవాహం సేనను లాక్కుపోసాగింది. నురుగు తెల్లదనం పోయి నల్లబడింది. అలలు పడవల అంచులు దాటాయి. సూక్ష్మదర్శి మొహం పాలిపోయింది. "తల్లీ, మాట పూర్తి చేయండి!" అని ఉద్ధతసేనుడు పడవలో లేచి నిలబడి కేకవేశాడు. రాణి కన్నీళ్ళు కారుతుండగా పెదవులు బిగబట్టుకుంది. రేవులో సారంగి మజ్జిగకుండ కింద పెట్టి, "ఓ తల్లుల్లారా, పలకండే!" అని అవతలి ఒడ్డుకు అరిచింది.

అప్పుడు ఉత్తరపుటొడ్డు నుంచి, తాటిచెట్ల వరుస కింద బారులు తీరిన వేలమంది ఆడవాళ్ళ గొంతులను నది తన వీపు మీద మోసుకొచ్చింది.

"...రండి!"

నల్లనురుగు తెల్లబడింది. అలలు మెత్తబడ్డాయి. పడవలు లంక చేరాయి. సూక్ష్మదర్శి అలవాటు కొద్దీ, "మహారాజా, పిలుపు విన్నారుగా, ఇక వెనక్కి తిప్పి..." అని మొదలుపెట్టి, పిలుపు ఏ ఒడ్డు నుంచి వచ్చిందో గుర్తొచ్చి నోరు మూశాడు. తెడ్లు పట్టినవాళ్ళు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. ఉద్ధతసేనుడు ఆపబోయాడు. అంతలో ఆ వేల గొంతుల్లోంచి ఒక ముసలి గొంతు విడిగా వినపడింది.

"ఒరేయ్ ఉద్ధతా! ఇక చాల్లేరా, ఇంటికి రా!"

అది అతడి కన్నతల్లిది. పన్నెండేళ్ళుగా తన అవసరం ఉన్న మనిషి ఏ ఒడ్డున ఉన్నదో ఆ వీరుడికి అప్పుడు తెలిసింది. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

నాగిలుడు ఒడ్డు చేరకముందే నీళ్ళలోకి దూకాడు. ఎదురుగా కుందలత, ఆమె కొంగు పట్టుకుని పన్నెండేళ్ళ పిల్ల. ఆనాడు అన్న మాటలో మిగిలిపోయిన సగాన్నే అన్నాడు.

"వచ్చా."

"తెలుస్తూనే ఉంది, కాళ్ళు కడుక్కో" అంది కుందలత.

ఆకాశంలో దేవతలు బుట్టలు వంపారు. పన్నెండేళ్ళ నాటి పూలు ఎండి పొడిగా రాలాయి. రాయబారులు దాన్ని దుమ్మనుకుని గుడారాల్లోకి పరుగెత్తారు. మర్నాటి తెల్లవారుజామున మృణాళనగరంలో కొత్త చర్మం బిగించిన కంచుభేరి మోగింది. క్షేమంకరీదేవి అప్పటికే మేల్కొని ఉంది, కానీ కళ్ళు తెరవక, ఆ మోత ఆగేదాకా నిద్రపోతున్నట్లే పడుకుంది.

ఆ నది మీద నేటికీ ఒక ఆచారం. సాగనంపేవారు "వెళ్ళి" అని ఆగుతారు. అవతలి ఒడ్డు నుంచి "రండి" వినపడిన తరువాతే పడవ తాడు విప్పుతారు. ఈ కథను శ్రద్ధగా విన్నవారి గడపకు, దూరాన ఉన్నవారు తిరిగి వస్తారు. దూరాన ఉండి విన్నవారికి, ఏదో ఒక పొగ తప్పకుండా తమదే అవుతుంది.