సగం ధర గొంగళ్లు

ఆ కాలంలో కొత్త గొంగడి కప్పుకుంటే చింతగింజల గంజి వాసన వచ్చేది. ఆ వాసన తగిలితే చాలు, మగ్గం ముందు కూనిరాగాలు తీస్తూ, చనిపోయిన మగడు ముసలి కొమరమ్మ కళ్లముందు మెదిలేవాడు. ఆయన నేసిన గొంగళ్లను గుత్తేదారు రంగప్ప రెండేసి రూకలకు కొని, సైన్యానికి ఇరవైకి అమ్మాడు. దాంతో ఖజానా ఖాళీ కాగా, రాజు గొర్రెలమందల మీద పన్ను వేశాడు. కట్టకపోతే కొమరమ్మ మందనూ తోలుకుపోతారు.

రెండు రూకల గొంగడిని ఇరవైకి అమ్మారని కొమరమ్మ కొలువుకెళ్లి మొరపెట్టుకుంది.

“ఇరవై ఎక్కువేం కాదు ప్రభూ! అలాంటి ఉన్ని ఎక్కడా దొరకదు. ఈ ముసల్దానికేం తెలుసు?” అన్నాడు రంగప్ప.

“అయ్యగారి మాటే నిజం దొరా,” అంది కొమరమ్మ. “యుద్ధం అయిపోయిందిగా. మడత విప్పని గొంగళ్లు కోటలో వెయ్యి ఉన్నాయట. సగం ధరకు, పదేసి రూకలకు అయ్యగారికే ఇచ్చేయండి. ఆయనకు లాభం, మీకు సొమ్ము, మాకు పన్ను తప్పుతుంది.”

“బాగుంది. తీసుకో రంగప్పా!” అన్నాడు రాజు.

రంగప్ప రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “పదా! సంతలో మూడు రూకలకు మించి ఎవడు కొంటాడు ప్రభూ?”

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు. గొంగడికి మూడు రూకలకు పైన తిన్నదంతా కక్కించి, పన్ను ఎత్తేశాడు.

కొమరమ్మ కోటలోంచి మగడు నేసిన గొంగడి ఒక్కటి అడిగి తెచ్చుకుంది. ఇంటికొచ్చి మొహానికి ఆనించుకుంటే, ఆ గంజి వాసన ఇంకా పోలేదు.