రాయిలాంటి మనిషి

గోదావరి గట్టు మీది చిన్న ఆశ్రమంలో పూర్ణాంబ గారు మధ్యాహ్నం పూట ఆడవాళ్ళతో మాట్లాడుతూ కూర్చునేవారు. ఎవరేమడిగినా శాస్త్రం చెప్పేవారు కారు. తామెరిగిన మనుషుల సంగతులు చెప్పేవారు. ఒకనాడు భ్రమరాంబ అనే యాభయ్యేళ్ళ శిష్యురాలు అడిగింది: "అమ్మా, తనను తాను మరిచిపోయి ఇంటివాళ్ళ కోసమే బతికే ఇల్లాలిని మించిన తపస్విని ఉంటుందా?"

పూర్ణాంబ గారు సీతారత్నం సంగతి చెప్పారు.

సీతారత్నం భర్త గవర్రాజుకు షుగరు జబ్బు. ఆయనకు రాగి జావ కాయడం, వేళకు మాత్ర అందించడం, నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూపించడం, అన్నీ ఆమే. ఆయన తినకూడదని వదిలేసిన అన్నం పారబోయడానికి చేతులు రాక తానే తినేది. యాభై దగ్గర పడ్డాక ఆమెకు ముట్టు ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. నిద్ర పట్టేది కాదు. పొట్ట పెరిగింది. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టుకుపోయేది. తోడికోడలు అడిగితే, "ఆ వయసొచ్చింది కదే, అదే సర్దుకుంటుంది" అనేది.

ఒకసారి ఆసుపత్రిలో నర్సు, "మీరూ వేలివ్వండమ్మా, చూస్తాను. ముట్టాగిన వయసులో షుగరు చెప్పకుండా వస్తుంది" అంది. సీతారత్నం భర్త వైపు చూసింది.

"దానికేం రోగం? రాయిలాంటి మనిషి!" అన్నాడు గవర్రాజు.

ఆ మాటకు ఆమె మురిసిపోయింది. చెయ్యి కొంగు కిందనే ఉంచుకుంది.

మరుసటి వేసవిలో చెప్పు ఒరుసుకుని మడమ పుండైంది. తిమ్మిరెక్కిన పాదానికి నొప్పి తెలియలేదు. పసుపు అద్దుకుని పనుల్లో పడింది. పాదం నల్లబడ్డాక తీసుకెళితే, షుగరు ఎప్పటినుంచో ముదిరి ఉందన్నారు. మోకాలి కిందికి కాలు తీసేశారు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా దాహమంటోంది ఈవిడ?" అని డాక్టరు అడిగితే గవర్రాజు భార్య వైపు తిరిగాడు. మంచం మీంచి సీతారత్నమే, "ఆయన పొద్దుటి మాత్ర వేసుకున్నారో లేదో కాస్త కనుక్కోండి" అంది. విషం ఒళ్ళంతా పాకి, వానలు పడేలోపే పోయింది. గవర్రాజు ఇప్పటికీ బాగానే ఉన్నాడు. రోజూ గట్టు మీద నడుస్తాడు, ఒక్కడే.

భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంది. "ఎంత త్యాగం, అమ్మా! అలాంటి ఇల్లాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు!"

పూర్ణాంబ గారు ఆమె మొహం వైపు చాలాసేపు చూశారు. గాలి వీస్తున్నా ఆ నుదుటి మీద చెమట ఆరడం లేదు.

"నిన్ను మీ ఇంట్లో ఏమని మెచ్చుకుంటారే?" అని అడిగారు.