నాగలింగప్ప ఊపిరి

మద్దిలేటి చాలా ఏళ్లుగా వంతలోనే కూర్చుంటున్నాడు.

తత్వాలు పాడే గుంపులో ముందు ఒకరు ఏకతార పట్టుకుని చరణం ఎత్తుకుంటారు. వెనక కూర్చున్నవాళ్లు అదే చరణాన్ని తిరిగి పాడతారు. ఆ వెనకవాళ్లది వంత. మద్దిలేటికి గొంతు ఉంది, తాళం ఉంది, పై చదువు ఉంది. అయినా దస్తగిరమ్మ అవ్వ ఒక్కసారి కూడా అతన్ని ముందుకు రమ్మనలేదు. ఎందుకు రమ్మనదో అతనికి తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

దస్తగిరమ్మ బేతంచెర్ల బండ గనుల్లో పనిచేసిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి సుత్తె పట్టింది. కూలి పెంచమని ఒక ఏడు గనులన్నీ ఆపించి, ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఎండలో కూర్చుంది. పోలీసులు వచ్చినా లేవలేదు. ఆ చేతులతోనే సాయంత్రం ఏకతార మీటేది. ఆమె గురువు, అప్ప అని ఆమె పిలుచుకునే నాగలింగప్ప కూడా అదే గనిలో బండలు ఎత్తినవాడు. ఆయన పోయాక ఏకతార ఆమెకు వచ్చింది.

గని పక్కన నాపరాళ్లతో కట్టుకున్న చావడే ఆమె మఠం. గురువారం సాయంత్రం అక్కడ పాటలు. దూదేకులవాళ్లు వస్తారు, బోయవాళ్లు వస్తారు, మాదిగవాళ్లు వస్తారు. ఎవరి చెప్పులు ఎంత దూరంలో విడవాలో అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పబోయినవాడు ఆమె నోటికి జడిసి మళ్లీ రాలేదు.

మద్దిలేటికి హైదరాబాదులో ఉద్యోగం. రేడియో స్టేషన్ల బీరువాల్లో రీళ్లు, యూనివర్సిటీల్లో క్యాసెట్లు, పాత దొరల ఇళ్లలో గ్రామఫోను ప్లేట్లు, ఇలా దేశంలో పాట ఎక్కడెక్కడ దాక్కుని ఉందో అక్కడి నుంచి బయటికి తెచ్చి, ఎవరైనా తమ ఫోనులో వినేటట్టు ఆ ఆఫీసువాళ్లు ఇంటర్నెట్లో పెడుతున్నారు. దేశం పాటలన్నిటికీ ఒకటే వాకిలి. అందులో తెలుగు పాటల పని మద్దిలేటి చూస్తాడు. మంచి పని. మనసు పెట్టి చేస్తున్నాడు. గురువారం వస్తే మాత్రం ఎట్లాగో బస్సెక్కి చావడికి చేరతాడు.

ఆ గురువారం పొద్దు వాలకముందే వచ్చాడు. చంకలో ల్యాప్‌టాప్ ఉంది. ముఖంలో సంతోషం దాగడం లేదు.

"అవ్వా, నాగలింగప్ప తాత పాట దొరికింది."

దస్తగిరమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆగింది.

"ఏ పాట?"

"బండ కింది చెమ్మ. యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి రికార్డు చేసుకుపోయినాడంట గదా."

"వచ్చినాడు. తెల్లచొక్కా ఆయన. మైకు తెచ్చి అప్ప మూతి కాడ పెట్టినాడు. ఈ పుల్లన్న దాన్ని చూసి తినే వస్తువేమో అనుకున్నాడు."

"అనుకున్నది నువ్వు," అన్నాడు గోడకు ఆనుకుని కూర్చున్న పుల్లన్న. "నేను వాసన చూస్తి, అంతే."

మద్దిలేటి నవ్వి చెప్పుకొచ్చాడు. టేపు ఏదో పెట్టెలో అడుగున పడి చెడిపోయింది. ఒక్కసారి ఆడింది. ఆడుతూ ఆడుతూనే దాని మీది పూత పొడిపొడిగా రాలిపోయింది. ఇక అది ఆడదు. ఆ ఒక్కసారిలోనే అతను పాటను కంప్యూటరులోకి పట్టుకున్నాడు. రేపు పొద్దున ఆ ఇంటర్నెట్ వాకిట్లో పెడుతున్నారు.

"ఇంక ఈ పాట పోదు అవ్వా. ఎవరైనా వినొచ్చు, ఎప్పుడైనా వినొచ్చు. పైగా నేను ఊరికే పెట్టలేదు, బాగా శుభ్రం చేసినాను. వినండి."

చావడిలో ఉన్న నలుగురూ దగ్గరికి జరిగారు. నాగలింగప్ప గొంతు వచ్చింది. కొత్త కంచం మోగినంత తేటగా ఉంది. చరణం అయింది, వెంటనే ఇంకో చరణం, వెంటనే మరొకటి. ఎక్కడా ఆగలేదు. చివరిదాకా ఒకే ఊపులో సాగి ముగిసింది.

"మా ఆఫీసులో అందరూ నోరు తెరిచినారు," అన్నాడు మద్దిలేటి. "ఎంత ఊపిరి ఈ మనిషికి, ఎక్కడా తెగనీకుండా పాడుతున్నాడే అన్నారు. పాట కింద నాలుగు మాటలు రాయాల గదా, అక్కడ గూడ అదే రాసినాను."

పుల్లన్న ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించి అడిగాడు.

"ఎవరప్పా ఈయన?"

"అదేంది తాతా, నాగలింగప్ప తాతే."

"గొంతు ఆయనదే," అన్నాడు పుల్లన్న.

పుల్లన్న పక్కన సుంకులమ్మ కూర్చుని ఉంది. వంతలో అందరికంటే ముసలిది. ల్యాప్‌టాప్ వెనక్కి వంగి చూసి, మళ్లీ ముందుకు వచ్చింది.

"మేమంతా యాడ పోతిమి? ఆ పొద్దు నేనుంటి, మా అక్క ఉండె, ఈ పుల్లన్న ఉండె. ఈ దస్తగిరి గూడ మా వరసలోనే గదా కూర్చునింది."

"మీరు మైకుకు దూరంగా ఉన్నారు పెద్దమ్మా. మీ గొంతులు సన్నగా, గాలి రొద మాదిరి పడినాయి. ఆ రొద తీసేసినాను. తీసేస్తే చరణానికీ చరణానికీ మధ్య ఖాళీలు మిగిలినాయి. వినేవాళ్లకు విసుగు గదా, వాటిని గూడ మూసేసినాను."

సుంకులమ్మ కొంగు సర్దుకుంది.

"మా అక్క పోయి ఎన్నో ఏండ్లాయె," అంది. "ఫోటో గూడ లేదు దానిది. ఆ గొంతన్నా ఉంటుందేమో అనుకుంటి."

మద్దిలేటి దస్తగిరమ్మ వైపు చూశాడు. ఆమె మళ్లీ చెనక్కాయలు ఒలుస్తోంది.

"నువ్వు చెయ్యి పెట్టకముందు ఎట్లుండెనో, అది ఉందా?" అంది.

"నా దగ్గరే ఉంది అవ్వా. కాకపోతే పాటకు ఒక్క కాపీనే ఉంచమంటారు మావాళ్లు. రేపు ఇది పెట్టినాక దాన్ని తుడిచేయాల."

గనిలో ఆమె కోపం తెలియనివాళ్లు లేరు. మేస్త్రీలను నిలబెట్టి కడిగిన నోరు అది. మద్దిలేటి తిట్లు పడతాయనే అనుకుని తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. దస్తగిరమ్మ ఒడిలోని పొట్టు దులిపి లేచింది.

"రేపటి నుంచి మా అప్ప పాట నేర్చుకోవాల అనుకున్నోడు ఎవడైనా దీన్ని విని నేర్చుకోవాల. అంతే గదా?"

"అంతే అవ్వా."

"అయితే ఈ పొద్దు నువ్వు ఎత్తుకో."

గోడకు ఉన్న ఏకతార తీసి అతని చేతిలో పెట్టింది.

మద్దిలేటి ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది ఇదే. నాగలింగప్ప పాటను బతికించి తెచ్చినందుకు అవ్వ ఇచ్చింది అనుకున్నాడు. రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నాడు.

పని దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కాళ్లు కడుక్కుని చాపల మీద సర్దుకున్నారు. మద్దిలేటి ముందు కూర్చున్నాడు. దస్తగిరమ్మ పోయి వెనక వరసలో, సుంకులమ్మ పక్కన కూర్చుంది. కూర్చుని, అందరి వైపు ఒకసారి చూసి, తాళం వేసే చిరతలు కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్లకు అర్థమైంది. వాళ్లకు వీపు పెట్టి కూర్చున్న మద్దిలేటికి అది కనబడలేదు.

అతను తార మీటి ఎత్తుకున్నాడు.

*బండ కింద చెమ్మ ఉన్నదీ, దాన్ని*
*పోసినోడు ఎవడో చెప్పరా...*

చరణం పొడుగుది. చివర సాగదీయాలి. సాగదీసి వదిలాడు. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు.

తిరిగి చూశాడు.

"కానీయ్," అంది దస్తగిరమ్మ. "ఆగొద్దు. ఆయన ఆగలేదు గదా."

రెండో చరణం ఎత్తుకున్నాడు. మూడోది ఎత్తుకున్నాడు. సాగదీయాల్సిన చోట సాగడం లేదు. తార మోగుతూనే ఉంది, మాట అందడం లేదు. తర్వాతి చరణం సగంలో గొంతు వణికింది, దగ్గు వచ్చింది, పాట తెగిపోయింది. ఏకతార ఒడిలో పెట్టుకుని రొమ్ము పట్టుకున్నాడు.

"ఏమప్పా, బండ ఎత్తినట్ల రొప్పుతుండావు?" అన్నాడు పుల్లన్న.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. దస్తగిరమ్మ నవ్వలేదు.

"పడుచోడివి. రొమ్ములో జబ్బేమన్నా ఉందా నీకు?"

"లేదవ్వా."

"మా అప్పకు రొమ్ము నిండా బండ దుమ్ము."

చావడిలో నవ్వు ఆగిపోయింది.

"ఈ చావడి మెట్టు ఎక్కలేకపోయేవాడు. తెల్లచొక్కా ఆయన వచ్చిన పొద్దు గూడ ఇద్దరు పట్టుకొచ్చి కూర్చోబెట్టినారు. ఒక చరణం పాడేవాడు. ఆయనకు ఊపిరి అందేదాకా మేము పాడతానే ఉంటిమి. ఒకసారి పాడితే అందకపోతే రెండుసార్లు పాడతా ఉంటిమి. అందినాక చెయ్యి ఎత్తేవాడు. అప్పుడు వదిలేవాళ్లం."

ఆమె చిరతలు చేతిలోకి తీసుకుంది.

మద్దిలేటి ఏకతార పక్కన పెట్టి, లేచి ల్యాప్‌టాప్ తెచ్చి చాప మధ్యలో పెట్టాడు. పాత కాపీ తీశాడు.

ముందు బుస్సుమని చప్పుడు. అందులోంచి నాగలింగప్ప చరణం. అది ఇందాకటంత తేటగా లేదు. చరణం అయ్యాక, దూరంగా వాన కదిలినట్టు సన్నటి రొద. అందరూ వంగారు. సుంకులమ్మ చెవి దాదాపు ల్యాప్‌టాప్‌కు ఆనించింది.

"ఇంకొకసారి పెట్టు."

పెట్టాడు.

"అదో," అంది సుంకులమ్మ. కళ్లు మూసుకుంది.

ఆ రొద కింద, మైకుకు బాగా దగ్గరగా, ఇంకో చప్పుడు ఉంది. పిల్లనగ్రోవికి బీట పడితే వచ్చే చప్పుడు లాంటిది. ఒకసారి, ఆగి ఇంకొకసారి, ఆగి మరొకసారి. వంత రెండోసారి మొదలైంది. ఆ చప్పుడు నెమ్మదించింది. అప్పుడు నాగలింగప్ప తర్వాతి చరణం ఎత్తుకున్నాడు.

శుభ్రం చేసేటప్పుడు మద్దిలేటి ఈ చప్పుడు విన్నాడు. టేపు చెడిపోయిందనుకుని దాన్నే అన్నిటికంటే ముందు తీసేశాడు.

లేచి చావడి అరుగు మీదికి పోయి ఆఫీసుకు ఫోను చేశాడు.

"రేపు బండ కింది చెమ్మ పెడుతున్నాం కదా. నేను చేసింది వద్దు. పాత కాపీ పంపుతాను, అది పెట్టండి. చేసినదాన్ని తుడిచేయండి."

అవతలి గొంతు లోపలికి కూడా వినబడుతోంది. "అందులో రొద ఉంది కదండీ?"

"ఉంది. ఉండనీయండి."

"మరి ఆయన ఊపిరి గురించి మీరు రాసింది?"

"అది నేను మళ్లీ రాస్తాను. పాడినవాళ్ల పేర్లు కూడా రాసి పంపుతాను."

"ఒక్కరే కదండీ పాడింది?"

మద్దిలేటి గుమ్మంలోంచి లోపలికి చూశాడు.

"పెద్దమ్మా, మీ అక్క పేరేంది?"

"సవారమ్మ," అంది సుంకులమ్మ. కళ్లు తెరవలేదు.

అతను ఆ పేరు ఫోనులో చెప్పాడు. తర్వాత లోపలికి వచ్చి ఏకతార తీసి దస్తగిరమ్మ ముందు పెట్టాడు.

"ఇంకా చరణాలు ఉండాయి గదా?" అంది ఆమె.

"నువ్వు ఎత్తుకో అవ్వా."

ఆమె అతన్ని ఒకసారి చూసి, ఏకతార తీసుకుని, నేల మీద చెయ్యి ఆనించి లేచి ముందుకు పోయి కూర్చుంది. మద్దిలేటి వెనక వరసలో, ఆమె లేచిన చోట కూర్చున్నాడు.

తార మోగింది. దస్తగిరమ్మ చరణం ఎత్తుకుంది. చివర సాగదీయాల్సిన చోట గొంతు కొంచెం ముందే ఆగింది. వంత అందుకుంది. మద్దిలేటి పాడుతూ ముందున్న ఆమె భుజాల వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అటు చూడలేదు. భుజాలు పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి.

వంత చరణం చివరికి వచ్చింది. మద్దిలేటి దాన్ని వదలకుండా సాగదీశాడు. పక్కన పుల్లన్న అతని ముఖంలోకి ఒకసారి చూసి తనూ సాగదీశాడు. సుంకులమ్మ సాగదీసింది. చావడిలో ఒక్కరూ వదల్లేదు.

ముందు, దస్తగిరమ్మ చెయ్యి ఎత్తింది.