కంప్యూటర్‌లోని కంప్యూటర్‌కు విందు

కందిమల్లపురాన్ని ఏలే చిత్రభూపతికి ఒక ఉదయం కోరిక పుట్టింది. అలాంటిలాంటి కోరిక కాదు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ కావాలి!

రాజుల కాలంలో కంప్యూటర్లేమిటని అడక్కండి. కథ నాది, రాజు నా రాజు. ఆయనకు నా ఇష్టం వచ్చిన సామాను కొనిస్తాను.

కోరికకు కారణం లేకపోలేదు. రాజుగారి తండ్రి ముచ్చటపడి చేయించుకున్న పులిజూదం ఆట పాత రకం కంప్యూటర్‌లో తప్ప నడవదు. ఆ పాతది కాస్తా మొన్న కాలం చేసింది. కొత్తదేమో ఆ ఆటను గడప తొక్కనివ్వడం లేదు. ఎల్లుండి పొరుగు రాజు ఆటకు వస్తున్నాడు. "మా పులులు మీ మేకల్ని మింగేస్తాయి" అని మన రాజుగారు ముందే కబురు పంపి కూర్చున్నారు.

ఆస్థాన యంత్రశిఖామణి వీరకేసరి మీసం దువ్వి రంగంలోకి దిగాడు. కొత్త కంప్యూటర్ లోపల, పాతదాన్ని పోలిన ఉత్తుత్తి కంప్యూటర్‌ను ఒకదాన్ని తయారుచేశాడు. దాని పేరు వర్చువల్ మెషీన్ అన్నాడు. అర్థం కాకపోయినా సభంతా చప్పట్లు కొట్టింది.

రాజుగారు పులిని నొక్కారు. కదల్లేదు. తాంబూలం వేసుకున్నారు. నమిలారు. ఉమ్మారు. అప్పుడు కదిలింది పులి, అదీ కుంటుకుంటూ. పైగా అంత పెద్ద తెర మధ్యలో ఆట అగ్గిపెట్టెంత కిటికీలో కనిపిస్తోంది. ఏది మేకో ఏది పులో తెలియక రాజుగారు కళ్లు చికిలించారు.

"ఏమిటయ్యా ఇది?"

వీరకేసరి, నెపం వేయడానికి ఎవరైనా దొరుకుతారా అని చుట్టూ చూశాడు. కంప్యూటర్ దుమ్ము తుడిచే గవరమ్మ కనిపించింది.

"ఇదిగో ప్రభూ, ఈవిడే! తడిగుడ్డ పెట్టి తుడిచి తుడిచి పాడుచేసింది. ఈమెను కొలువులోంచి తీసేసి ఊరు దాటిస్తే గానీ ఇది బాగుపడదు."

గవరమ్మకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల కొలువు, ఒక్క మాటతో పోయేలా ఉంది.

"నా గుడ్డ సంగతి తర్వాత చూద్దురు. ప్రభూ, రేపు మధ్యాహ్నం తమ భోజనం ఏర్పాటు నాకు ఒప్పగించండి. సాయంత్రానికి పులి పరుగెత్తకపోతే నేనే మూట సర్దుకుంటాను."

"పులికీ నా భోజనానికీ సంబంధమేమిటి?"

"కూర్చుంటే తెలుస్తుంది ప్రభూ."

మర్నాడు రాజుగారు విస్తరి ముందు కూర్చున్నారు. పక్కన వీరకేసరి. వంటశాలలో పనిచేసే ఎనిమిది మందీ రాజుగారి చుట్టూ నిలబడ్డారు. ఒకడు వింజామర వీస్తున్నాడు, ఒకడు గొడుగు పట్టాడు, ఒకడు బిరుదులు చదువుతున్నాడు. విస్తరిలో మాత్రం మెతుకు లేదు.

"అన్నం ఏదీ?" అన్నారు రాజుగారు.

"పొయ్యి దగ్గర ఎవరూ లేరు ప్రభూ. ఎనిమిది మందినీ తమ సేవకే ఇచ్చేశాను. తమకు తక్కువ చేస్తానా?" అంది గవరమ్మ.

"ఒకణ్ణి పంపు ముందు!"

ఒకడు పరుగెత్తాడు. వాడు అన్నం గిన్నెతో వచ్చేసరికి గవరమ్మ తలుపు గడియ పెట్టేసింది.

"ఒకసారి బయటికెళ్లినవాడు బయటివాడే. తమ సన్నిధిలోకి ఎలా రానిస్తాం? ఆ తలుపుకున్న చిల్లులోంచి అందిస్తాడు."

చిల్లులోంచి నాలుగు మెతుకులు వచ్చాయి. కాసేపటికి ఇంకో రెండు. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. మొహం ఎర్రబడింది.

వీరకేసరి పకపకా నవ్వాడు. "చూశారా ప్రభూ! ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటు ఈ భూమ్మీద ఉంటుందా?"

గవరమ్మ అటు తిరిగింది.

"ఉంది బాబూ. తమరు చేసిందే. దాన్ని చూసే నేర్చుకున్నాను."

ఆ మాటని రాజుగారి వైపు తిరిగింది.

"ప్రభూ, మన కంప్యూటర్‌కు పనిచేసే చేతులు ఎనిమిది. కోర్లంటారు. లోపలిది తమ ఆట ఆడే యంత్రం కదా, దానికి తక్కువ చేస్తే మర్యాద కాదని ఈయన ఎనిమిదీ దానికే రాసేశారు. మెమరీ కూడా మొత్తం దానికే. కానీ లోపలిదానికి వడ్డించాల్సింది బయటిదే. దానికి చెయ్యి ఆడకపోతే లోపలిది ఏం తింటుంది?"

"మరి ఆ అగ్గిపెట్టె కిటికీ?"

"మన తెర ఎంతుందో లోపలిదానికి తెలియదు. బొమ్మల్ని చకచకా గీసే గ్రాఫిక్స్ కార్డు ఉందనీ తెలియదు. ఆ సంగతి చెప్పే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బయటి సాఫ్ట్‌వేర్ తమ సన్నిధిలోకి రాకూడదని ఈయన గడప దగ్గరే ఆపేశారు."

"ఇదంతా నీకెలా తెలుసే?"

"రోజూ తెర తుడుస్తాను కదా ప్రభూ. తుడుస్తూ చదువుతాను."

రాజుగారు వీరకేసరి వైపు చూశారు. అతను నేల చూపులు చూస్తూ గొణిగాడు. "ప్రభువుల యంత్రానికి సగమే వాటా ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు."

"నీ మర్యాద మండిపోనూ! ముందు ఆ తలుపు తియ్యండి!"

భోజనమయ్యాక సభలో గవరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు కోర్లు లోపలికి, నాలుగు బయటికి. మెమరీ చెరిసగం. డ్రైవర్‌ను లోపలికి రానిచ్చింది, గ్రాఫిక్స్ కార్డు వాడుకోనిచ్చింది, ఒకసారి ఆపి మళ్లీ నడిపించింది. ఆట తెర నిండా పరుచుకుంది. రాజుగారు వేలు ఎత్తేలోగా పులి ఒక్క గెంతు గెంతి మేకను మింగేసింది.

"భళీ!" అని రాజుగారు సింహాసనం మీంచి లేచారు. "వీరకేసరి కొలువు, బిరుదు, ఇల్లు, గుర్రబ్బండి, అన్నీ ఈ క్షణం నుంచి గవరమ్మవే!"

గవరమ్మ చేతులు జోడించింది.

"అంతా ఇచ్చేయకండి ప్రభూ! సగం చాలు. పని చెయ్యడానికి ఆయనకూ కాస్త మిగలాలి కదా!"

సభంతా గొల్లున నవ్వింది. ఆఖరికి వీరకేసరి కూడా నవ్వేశాడు. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ అన్నీ చెరిసగం చేశారు, మెడలోని ముత్యాల హారం తీసి గవరమ్మ చేతిలో పెట్టారు. ఆ హారాన్ని మాత్రం సగం చెయ్యమని ఆవిడ అడగలేదు.