నక్క అచ్చాఫీసుకి కిటికీ

నల్లకొండ అడవిలో అచ్చాఫీసు ఒక్కటే. యజమాని నక్క. పొద్దస్తమానం సీసపు అక్షరాలు కూర్చే చోట ఒక్క కిటికీ కూడా లేదు. ఎవర్ని చూసినా దగ్గే. నిరుడు కాకి అలా దగ్గి దగ్గి చచ్చిపోతే, ఆ పూట పని ఆగిపోయిందని సణిగింది నక్క. సిగ్గులేని జన్మ!

కొండముచ్చు గవరయ్య అక్కడే ఇరవై ఏళ్లు అక్షరాలు కూర్చాడు. సంఘం పెట్టాడు, సమ్మె చేయించాడు, ఆర్నెల్లు బోనులో ఉన్నాడు. చివరికి అడవి జనం ఓట్లేసి వనసభకి పంపారు. అక్కడ పోట్లాడి మరీ చట్టం చేయించాడు: 'అచ్చాఫీసుకి యజమాని కిటికీలు పెట్టించాలి.' కానీ అచ్చయి చెట్లకి అంటిస్తేనే అమలు. అచ్చువేసేదేమో నక్క!

"దొంగ చేతికే తాళాలిచ్చారు గదన్నా!" అంది అక్కడే అక్షరాలు కూర్చే ఉడుత చిట్టెమ్మ, దగ్గుతూ.

అచ్చు రోజున నక్క అందర్నీ పిలిచింది. సభాధ్యక్షుడు ఏనుగు ఎదుట గవరయ్యకి దండేసింది.

"మెంబరు గారూ, ఈ పిడి లాగండి చాలు. అటెళ్లకండి, సిరా అంటుకుంటుంది."

"నా మొహానికి సిరా అంటినా తెలుస్తుందా షావుకారూ?" అంటూ గవరయ్య మిషను మీదికి వంగాడు.

అచ్చు అక్షరాలు తిరగేసి ఉంటాయి. కూర్చినవాడే చదవగలడు. గవరయ్య చదివాడు. 'యజమాని ఇష్టపడితే' అని కొత్తగా చేరింది! అందరూ అన్నాలకి వెళ్లినప్పుడు నక్క బావమరిది ముంగిస చేసిన పని అది.

గవరయ్యకి ఒళ్లు మండింది. కాకి గుర్తొచ్చింది. అరిస్తే నక్క అచ్చుతప్పు అని తప్పించుకుంటుందని పళ్లు బిగబట్టాడు.

"ముందు మీరు చదవండి షావుకారూ. అందరూ వింటారు."

చదవడం నక్కకేం వచ్చు! అక్షరాలకేసి చూస్తూ బట్టీపట్టిన చట్టం అప్పజెప్పింది. "యజమాని కిటికీలు పెట్టించాలి."

"అంతేనా? సరిగ్గా చూశారా?"

"అక్షరం అక్షరం చూశాను!"

గవరయ్య పిడి లాగాడు. తడి కాగితం ఏనుగు చేతికిచ్చాడు. ఏనుగు చదివి తలెత్తింది.

"అ... అచ్చుతప్పు!" అంది నక్క.

"ఇప్పుడేగా అక్షరం అక్షరం చూశానన్నావు! కాకిని మింగావు, చాల్లేదా? చిట్టెమ్మనీ మింగుతావా?" అన్నాడు గవరయ్య. దండ తీసి నక్క మెడలో పడేశాడు. "ఏనుగు తాతగారూ, ఈ మాట నేను తీసేసి మళ్లీ కూరుస్తా. ఈలోగా ఆ గోడ సంగతి చూడండి."

ఏనుగు ఒక్క పోటు పొడిచింది. గోడలోంచి వెలుగూ గాలీ వచ్చాయి. చిట్టెమ్మ ఆ కంతలో తలపెట్టి తనివితీరా ఊపిరి పీల్చుకుంది.

పదవొచ్చినా పని మరవని నాయకుడి ముందు నక్క జిత్తులు చెల్లవు.