సన్న కోత

సన్యాసిరావు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబివ్వరు, చేతికి పని ఇస్తారు. ఐటీఐలో ముప్పై ఏళ్లు టర్నర్ పని నేర్పి రిటైరయ్యాక అనకాపల్లి శివారులో రేకుల షెడ్డు వేసి, ఇనుమును గిరగిరా తిప్పుతూ కోసే లేత్ మిషను ఒకే ఒక్కటి పెట్టుకున్నారు. పాత శిష్యులు అక్కడికే వచ్చి తమ కష్టం చెప్పుకుంటారు. చెప్పుకున్నంతసేపూ ఆయన వింటున్నారో లేదో ఎవరికీ తెలియదు.

ఆ వేసవిలో నూకరాజు వచ్చాడు. నలభై రెండేళ్లవాడు, ఒకప్పుడు మాస్టారి తరగతిలో అందరికంటే ముందుండేవాడు. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. భార్య గాజులు తాకట్టుకెళ్లాయి. తర్వాత ఇనుము మందం కొలిచే తన సొంత వెర్నియర్ పాతసామాన్ల కొట్టుకెళ్లింది. ఇప్పుడు ఒక పంపుల కంపెనీవాళ్లు టర్నర్ కావాలన్నారు. బుధవారం పరీక్ష. వాళ్ల ఎదురుగా లేత్ మీద ఒక ముక్క తయారుచేసి చూపించాలి.

"వెళ్లమంటారా, మానమంటారా మాస్టారూ? నా చెయ్యి పోయిందనిపిస్తంది. గేటు తియ్యడం తప్ప దీనికింకేటీ తెలీదు."

మాస్టారు మూలనున్న షాఫ్టు తీసి అతని చేతిలో పెట్టారు. అది పారమ్మ చెరకు రసం మిషనుది. అరిగిన చోట వెల్డింగు పోయించి తెచ్చింది. బేరింగు పట్టేంత సన్నగా దాన్ని కోయాలి. అది లేక బండి ఆగిపోయి, పారమ్మ పొద్దుటి నుంచీ షెడ్డు గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుంది.

నూకరాజు షాఫ్టుని లేత్‌కి బిగించాడు. ఎక్కువ కోస్తే మళ్లీ అతికించలేం కదా అని వెంట్రుకవాసి కోత పెట్టాడు. ఆపాడు, మాస్టారి వెర్నియర్‌తో కొలిచాడు. మళ్లీ వెంట్రుకవాసి. ఆపాడు, కొలిచాడు. గంట గడిచింది. కింద బూడిదలాంటి పొడి రాలింది తప్ప షాఫ్టు సన్నబడలేదు. పైపెచ్చు కోసే టూలు లోపలికి దిగక ఊరికే రుద్దుకోవడంతో అది అద్దంలా నున్నగా తయారైంది.

"ఏటి బాబూ, ఇనుము కోస్తన్నావా, దానికి తలంటుతున్నావా?" అంది పారమ్మ.

నూకరాజు చెవులు ఎర్రబడ్డాయి. అంతలో టూలు కీచుమని పొగ వదిలింది. తీసి చూస్తే అంచు మొద్దుబారి ఉంది. "చూశారు కదా," అన్నాడు, మాస్టారి వైపు కాకుండా గోడ వైపు చూస్తూ.

మాస్టారు షాఫ్టు విప్పి పక్కన పెట్టారు. వేరే టూలు బిగించి, ఎందుకూ పనికిరాని ఒక పాత రాడ్డు తగిలించారు. వెర్నియర్ తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు.

"దీన్ని పొట్టు చేసెయ్."

"ఎంత సైజుకి మాస్టారూ?"

"సైజు లేదు. రాడ్డు మిగలకూడదు."

"మరి నా షాఫ్టో?" పారమ్మ పీట మీంచి లేచింది.

"ఇదయ్యాక నీదే."

నూకరాజుకి ఒళ్లు మండింది. ఈ వయసులో చెత్త రాడ్డు చెక్కే పనా! ఆ మంటలోనే చక్రం బలంగా తిప్పి లోతుగా కోత పెట్టాడు. ఇనుము టపటపా ఎగిరి పడింది. ఇంకో కోత పెట్టేసరికి నీలం రంగు చుట్టలు చుట్టలుగా రాలడం మొదలైంది. మిషను చప్పుడు మారింది. ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి విన్న చప్పుడది. టూలు ఎక్కడ హాయిగా సాగుతోందో, ఎక్కడ మూలుగుతోందో చెవి చెబుతుంటే చెయ్యి దానంతటదే సర్దుకుంది. తను కూనిరాగం తీస్తున్నట్టు పారమ్మ నవ్వేదాకా అతనికి తెలియలేదు.

రాడ్డు చిటికెన వేలంతయ్యాక మాస్టారు మిషను ఆపి షాఫ్టు అందించారు. వెర్నియర్ బల్ల మీద పెట్టారు. నూకరాజు వెల్డింగు పైపొర కిందికి దిగేలా ఒక్క కోత కోసి కొలిచాడు. ఇంకోటి కోసి కొలిచాడు. ఆఖరిది మాత్రం సన్నగా. బేరింగు తెచ్చి అరచేత్తో నొక్కితే బిగువుగా, నిదానంగా వెళ్లి కూర్చుంది. సుత్తితో పని పడలేదు.

"ఇదేదో పొద్దున్నే చేసుంటే యాభై గ్లాసులమ్ముకుందును," అంటూ పారమ్మ షాఫ్టు చంకన పెట్టుకుంది. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, "సాయంత్రం బండి కాడికి రా బాబూ, రసం పోస్తాను. తలంటోసుకుని మరీ రా," అంది.

ఈసారి నూకరాజు కూడా నవ్వాడు. చేతులు కడుక్కుని వచ్చి, వెర్నియర్‌ని గుడ్డతో తుడిచి, కింద పెట్టబుద్ధికాక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది బుధవారం దాకా నా దగ్గరుంచుకోనా మాస్టారూ?"

మాస్టారు తలూపారు. బల్ల మీద పడి ఉన్న పొద్దుటి మొద్దు టూలు తీసి, అంచుని బొటనవేలితో తడిమి, దాన్నీ అతని చేతిలో పెట్టారు.

"దీనికి సాన పట్టి మరీ వెళ్లు," అన్నారు. "పాపం, ఇది కోసి మొద్దుబారింది కాదు."